బీజీపీ సెషన్‌కి ఏ కాపలా పెట్టాలి: టీటీఎల్ సెక్యూరిటీయా, పాస్‌వర్డా, రెండూనా?

మారతహళ్లిలో మా ఆఫీసుకి రెండో అప్‌స్ట్రీమ్ లింక్ (మనకి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ వైపు లింక్) వచ్చిన రోజు, అనంతపురం నుంచి వచ్చి కొత్తగా టీమ్‌లో చేరిన అబ్బాయి ర్యాక్ ముందు నిలబడి అడిగాడు: “అన్నా, బీజీపీకి పాస్‌వర్డ్ పెట్టేశాం కదా. మళ్లీ ఈ టీటీఎల్ సెక్యూరిటీ దేనికి? ఒకటి ఉంటే చాలదా?”

మంచి ప్రశ్న. బీజీపీ అంటే రెండు నెట్‌వర్క్‌ల రౌటర్లు ఏ అడ్రస్‌కి ఏ దారో ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి, వాటి మధ్య ఆ మాటలు నడిచే కనెక్షనే సెషన్. టీటీఎల్ అంటే ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే అంకె. ఏళ్ల తరబడి రౌటర్లతో పని చేస్తున్నవాళ్లు కూడా దీనికి తలో జవాబు చెబుతారు. నేను అతనికి చెప్పింది ఇది: మనకీ పక్క రౌటర్‌కీ మధ్య ప్యాకెట్‌ని రౌట్ చేసే బాక్స్ ఇంకొకటి లేకపోతే ముందు టీటీఎల్ సెక్యూరిటీ పెట్టు, పాస్‌వర్డ్ ఆ తర్వాత చూద్దాం. మధ్యలో రౌట్ చేసే బాక్స్ ఉంటే వరస తిరగబడుతుంది. ఎంపిక మొత్తం ఈ ఒక్క విషయం మీద నడుస్తుంది. బాక్స్ ఏ కంపెనీది, లింక్ ఎంత పెద్దది అన్నవి తర్వాతి సంగతి.

టీటీఎల్‌కి అబద్ధం చెప్పడం ఎందుకు కుదరదు

ఐపీ ప్యాకెట్ తలలో టీటీఎల్‌కి ఎనిమిది బిట్లే ఇచ్చారు. అంటే గరిష్ఠంగా 255. దాటిన ప్రతి రౌటర్ కనీసం ఒకటి తగ్గిస్తుంది. హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు వచ్చే లారీ డ్రైవర్ చేతిలో 255 పేజీల పుస్తకం ఉందనుకోండి. ప్రతి టోల్ గేటు దగ్గర ఒక పేజీ చింపుతారు. పుస్తకాల్లో 255 పేజీలకు మించినది అచ్చే వేయరు. బెంగళూరు చేరేసరికి ఎవరి పుస్తకంలోనైనా 255 పేజీలూ ఉన్నాయంటే ఆ లారీ ఒక్క టోల్ గేటు కూడా దాటలేదన్నమాట, ఈ ఊళ్లోనే బయలుదేరింది. తక్కువ పేజీల పుస్తకంతో బయలుదేరి దూరం నుంచి వచ్చినట్టు నటించవచ్చు. దూరం నుంచి వచ్చి దగ్గరివాడిలా నటించడం మాత్రం కుదరదు.

టీటీఎల్ సెక్యూరిటీ అంటే ఇంతే. నేను పంపే బీజీపీ ప్యాకెట్లు 255తో బయలుదేరతాయి. నా దగ్గరికి వచ్చేవి 255తోనే రావాలి. తగ్గి వచ్చినవాటిని చదవకుండానే పారేస్తాను. దీన్ని మొదట 2004లో ఆర్ఎఫ్‌సీ 3682గా (ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాలు) ప్రయోగంగా రాశారు, 2007లో ఆర్ఎఫ్‌సీ 5082గా స్థిరపరిచారు. పూర్తి పేరు జనరలైజ్డ్ టీటీఎల్ సెక్యూరిటీ మెకానిజం, పొట్టిగా జీటీఎస్ఎం. ఆలోచన అంతకంటే పాతది. ఐపీవీ6లో పక్కింటి అడ్రస్ కనుక్కునే నెయిబర్ డిస్కవరీ ప్యాకెట్లు హాప్ లిమిట్ (అక్కడ టీటీఎల్‌కి పేరు) 255తో రాకపోతే చెల్లవు. లింక్ బతికుందో లేదో త్వరగా కనిపెట్టడానికి రెండు పక్క రౌటర్ల మధ్య నడిచే బీఎఫ్‌డీ కూడా 255తోనే పంపుతుంది. కాబట్టి మీరు బీఎఫ్‌డీ వాడుతుంటే ఈ కాపలా మీ నెట్‌వర్క్‌లో ఒక మూల ఇప్పటికే పని చేస్తోంది.

“డిఫాల్ట్‌గా టీటీఎల్ 1 ఉంది కదా, చాలదా?”

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఈబీజీపీ, అంటే వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌ల మధ్య నడిచే బీజీపీ, మామూలుగా టీటీఎల్ 1తో పంపుతుంది. కాబట్టి దూరం నుంచి ఎవరూ మన సెషన్‌ని తాకలేరని అనుకుంటారు. ఆ 1 మనం పంపే ప్యాకెట్ల మీద ఉంది. వచ్చేవాటికి అడ్డం లేదు. పది రౌటర్ల అవతల కూర్చున్నవాడు తన ప్యాకెట్‌కి టీటీఎల్ లెక్కగా పెట్టుకుంటే అది మన దగ్గరికి 1తో వస్తుంది, పక్క రౌటర్ పంపిన ప్యాకెట్‌లాగే కనిపిస్తుంది. 50తో పంపినా చాలా బాక్సులు తీసుకుంటాయి.

మన జవాబు టీటీఎల్ 1తో వెళ్తుంది, పక్క రౌటర్ దాటదు. కాబట్టి వాడు మనతో సెషన్ పూర్తిగా కట్టలేడు. అది నిజమే. కానీ వాడికి సెషన్ కట్టాల్సిన పని లేదు. బీజీపీ వినే పోర్ట్ 179కి దొంగ సిన్ ప్యాకెట్లు (కనెక్షన్ మొదలుపెట్టమని అడిగేవి) వరదలా పంపితే రౌటర్ సీపీయూ వాటికి జవాబులు చెప్పుకుంటూ మునిగిపోతుంది. లేదంటే మన పక్క రౌటర్ అడ్రస్ పెట్టుకుని కనెక్షన్ తెంపే రీసెట్ ప్యాకెట్ దొంగది పంపుతాడు. 2004 ఏప్రిల్‌లో ఈ రీసెట్ విషయం బయటపడ్డప్పుడు చాలా ఐఎస్‌పీలు హడావిడిగా పాస్‌వర్డులు పెట్టుకున్నాయి. కారణం తేలిక లెక్క. బీజీపీ నడిచేది టీసీపీ కనెక్షన్ మీద, దాని సీక్వెన్స్ నంబర్లు (వరస నంబర్లు) 32 బిట్లు, సుమారు 429 కోట్లు. అంతా ఊహించాలంటే కష్టమే. కానీ రీసెట్ ప్యాకెట్ విండోలో, అంటే ఆ క్షణాన ఒప్పుకునే నంబర్ల పరిధిలో, ఎక్కడ పడినా అప్పట్లో సెషన్ తెగిపోయేది. విండో 16,384 బైట్లయితే 2,62,144 ప్రయత్నాలు చాలు. పోర్టులు కూడా తెలిస్తే ఒక మామూలు లింక్ మీద అది పెద్ద పని కాదు. 2010లో ఆర్ఎఫ్‌సీ 5961 ఈ దారిని చాలావరకు మూసింది, కానీ సీపీయూని ముంచే దారి తెరిచే ఉంది.

అప్‌స్ట్రీమ్ మనకిచ్చే లింక్ అడ్రస్ చాలాసార్లు వాళ్ల పెద్ద బ్లాక్‌లోంచి వచ్చినదే, ప్రపంచంలో ఎక్కడినుంచైనా పింగ్ అవుతుంది. ట్రేస్‌రౌట్ కొడితే ఎవరికైనా కనిపిస్తుంది. ఇంటి అడ్రస్ అందరికీ తెలుసు, తలుపుకి గడియ లేదు. డిఫాల్ట్ పరిస్థితి ఇది.

పాస్‌వర్డ్: ఎవరో చెబుతుంది, ఎక్కడినుంచో చెప్పదు

టీసీపీ ఎండీ5 పాస్‌వర్డ్ 1998 నాటిది, ఆర్ఎఫ్‌సీ 2385. ప్రతి టీసీపీ సెగ్మెంట్ మీద రెండు వైపులకీ తెలిసిన రహస్యంతో ఒక ముద్ర వేస్తుంది. ముద్ర సరిపోకపోతే ప్యాకెట్ చెల్లదు. రీసెట్ దాడిని ఇది బాగా ఆపుతుంది. కానీ ముద్ర నిజమో కాదో తేల్చాలంటే వచ్చిన ప్రతి ప్యాకెట్‌కీ లెక్క కట్టాలి. సెకనుకి లక్ష దొంగ ప్యాకెట్లు వస్తే లక్ష ముద్రలు సరిచూడాలి. కాపలావాడు గేటు దగ్గర ప్రతివాడి ఆధార్ కార్డూ ఆన్‌లైన్‌లో చెక్ చేస్తున్నట్టు, వెనక క్యూ పెరుగుతూనే ఉంటుంది. టీటీఎల్ చూడటమంటే ఒక్క బైటు చూడటం. పెద్ద రౌటర్లలో కొన్ని ఆ పని లైన్ కార్డు మీదే చేసేస్తాయి, సీపీయూ దాకా రానివ్వవు.

రెండో ఇబ్బంది మనుషులది. ఎండీ5 పాస్‌వర్డ్ మార్చాలంటే రెండు వైపులవాళ్లూ దాదాపు ఒకేసారి మార్చాలి, లేదంటే హోల్డ్ టైమర్ (అవతలినుంచి మాట రాకపోతే ఎంతసేపు ఆగాలో చెప్పే గడువు) అయిపోయి సెషన్ పడుతుంది. అందుకే ఎవరూ మార్చరు. నేను చూసిన చాలా ఆఫీసుల్లో ఆ పాస్‌వర్డ్ లింక్ వచ్చిన రోజు మెయిల్లో వచ్చిందే, ఇప్పటికీ అదే. ఆ మెయిల్ చూసినవాళ్లలో సగంమంది ఉద్యోగాలు మారిపోయారు. అంత పాతబడ్డ రహస్యాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండటం నాకు నచ్చదు.

టీసీపీ-ఏఓ అనే కొత్త ముద్ర పద్ధతి ఈ రెండో ఇబ్బంది తీరుస్తుంది. 2010లో ఆర్ఎఫ్‌సీ 5925గా వచ్చింది, ఎండీ5ని పక్కన పెట్టింది. కీలకి నంబర్లు ఉంటాయి కాబట్టి సెషన్ పడకుండా ఒక కీ నుంచి ఇంకో కీకి మారవచ్చు. ముద్ర వేసే పద్ధతి కూడా ఎండీ5 కన్నా గట్టిది. లైనక్స్ కెర్నెల్లోకి మాత్రం 6.7తో, 2024 మొదట్లో వచ్చింది. అంటే రెండు వైపులా సపోర్ట్ ఉండటం ఇంకా గ్యారంటీ కాదు. దొరికితే ఎండీ5 బదులు ఇదే తీసుకోండి. దొరకలేదని పని ఆపవద్దు.

పాస్‌వర్డ్‌కీ టీటీఎల్‌కీ తేడా మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్ మామూలుగా టీటీఎల్ తగ్గించదు, కాబట్టి టీటీఎల్ సెక్యూరిటీకి అది అడ్డం రాదు. అదే ఏఎస్ఏ డిఫాల్ట్‌గా టీసీపీలోని ఎండీ5 ఆప్షన్‌ని తీసేస్తుంది, సీక్వెన్స్ నంబర్లు కూడా మారుస్తుంది. అప్పుడు పాస్‌వర్డ్ పెట్టిన సెషన్ లేవదు. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, అక్షరం తేడా లేదు, అయినా సెషన్ లేవదంటే ముందు మధ్యలోని ఫైర్‌వాల్‌ని చూడండి.

“1” అంటే ఎవరి లెక్కలో 1?

కమాండ్ చూస్తే చాలా సులువు. సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో “నెయిబర్ 192.0.2.1 టీటీఎల్-సెక్యూరిటీ హాప్స్ 1”. లైనక్స్ మీద నడిచే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఆర్‌ఆర్‌లో అక్షరాలా అదే కమాండ్. కానీ లోపలి లెక్క వేరు. ఐఓఎస్ 255లోంచి హాప్స్ (దాటే రౌటర్ల లెక్క) తీసేసి, 254 అంతకన్నా ఎక్కువ ఉన్నవి ఒప్పుకుంటుంది. ఎఫ్‌ఆర్‌ఆర్ 256లోంచి తీసేస్తుంది, అంటే 255 ఉంటేనే ఒప్పుకుంటుంది.

ఒక్క అంకె తేడా అని వదిలేయకండి. 254ని ఒప్పుకోవడమంటే ఒక రౌటర్ దాటి వచ్చిన ప్యాకెట్‌ని ఒప్పుకోవడం. మీ అప్‌స్ట్రీమ్ రౌటర్‌కే తగిలించి ఉన్న ఇంకో కస్టమర్ సరిగ్గా ఆ దూరంలోనే ఉంటాడు. ఆ రౌటర్‌కే నేరుగా తగిలించిన వాడి సర్వర్‌లో వైరస్ పడి మీ అడ్రస్ మీదికి ప్యాకెట్లు వేస్తే ఐఓఎస్ వైపు చెక్ దాన్ని ఆపదు. మిగతా ప్రపంచమంతా ఆగుతుంది, ఆ పక్కింటివాడు ఆగడు. అక్కడ పాస్‌వర్డ్ కూడా ఉంటే మంచిది, లేదా ఆ ఇంటర్‌ఫేస్ మీద 179కి వచ్చేవాటిలో 255 లేనివి పారేసే ఫిల్టర్ కూడా పెట్టుకోండి.

మిగతా బాక్సుల సంగతి త్వరగా చెప్పేస్తాను. బర్డ్ అనే ఇంకో రౌటింగ్ సాఫ్ట్‌వేర్‌లో “టీటీఎల్ సెక్యూరిటీ ఆన్”. అరిస్టాలో “టీటీఎల్ మాగ్జిమమ్-హాప్స్”. హువావేలో “వాలిడ్-టీటీఎల్-హాప్స్”. జూనిపర్‌లో పని రెండు ముక్కలు: గ్రూప్‌లో టీటీఎల్ 255 పెట్టి పంపడం ఒకటి, లూప్‌బ్యాక్ (ఏ కేబుల్‌కీ కట్టుబడని రౌటర్ సొంత ఇంటర్‌ఫేస్) మీది ఫైర్‌వాల్ ఫిల్టర్‌లో “టీటీఎల్-ఎక్సెప్ట్ 255” అయితే పారేయమని రాయడం ఇంకొకటి. జూనిపర్‌లో ఫిల్టర్ రాసేటప్పుడు పక్క రౌటర్ అడ్రస్ తప్పకుండా రాయండి. అడ్రస్ లేకుండా 179 మొత్తానికి పెడితే రెండు మూడు రౌటర్ల అవతల ఉన్న ఐబీజీపీ (మన నెట్‌వర్క్ లోపలి బీజీపీ) సెషన్లు కూడా పడతాయి.

లైనక్స్ మీద ఎఫ్‌ఆర్‌ఆర్ నడిపేవాళ్లకి ఒక మాట. అక్కడ టీటీఎల్ చెక్ ఆ సెషన్ సాకెట్‌కి తగిలించి ఉంటుంది. కొత్త సిన్ ప్యాకెట్లు వినే సాకెట్ దగ్గరికే రాకూడదంటే లైనక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో కూడా ఒక రూల్ పెట్టండి: అప్‌స్ట్రీమ్ ఇంటర్‌ఫేస్ మీద, 179కి, టీటీఎల్ 255 కన్నా తక్కువైతే డ్రాప్. ఒక్క లైను. నేను ఎఫ్‌ఆర్‌ఆర్ కమాండూ పెడతాను, ఈ లైనూ పెడతాను.

మల్టీహాప్‌తో కలపవద్దు

ఈబీజీపీ మల్టీహాప్‌ని కొందరు సెక్యూరిటీ సెట్టింగ్ అనుకుంటారు. అది తలుపు తెరిచే సెట్టింగ్. పక్క రౌటర్ దూరంగా ఉంది, టీటీఎల్ 1 చాలదు, కాబట్టి ఎక్కువ టీటీఎల్‌తో పంపు అని చెప్పడం. వచ్చేవాటి మీద అడ్డం ఏమీ పెట్టదు. అందుకే ఐఓఎస్‌లోనూ ఎఫ్‌ఆర్‌ఆర్‌లోనూ ఒక నెయిబర్‌కి మల్టీహాప్ ఉంటే టీటీఎల్ సెక్యూరిటీ పెట్టనివ్వదు. ముందు మల్టీహాప్ తీయాలి.

రెండు రౌటర్లు పక్కపక్కనే ఉండి, మధ్యలో రెండు ఫైబర్లు ఉండి, సెషన్ లూప్‌బ్యాక్‌ల మధ్య కట్టిన చోట చాలామంది అలవాటుగా మల్టీహాప్ 2 అనో 255 అనో కొట్టేస్తారు. అక్కడ మల్టీహాప్ బదులు టీటీఎల్ సెక్యూరిటీ హాప్స్ 2 పెట్టుకోవచ్చు. ప్యాకెట్‌ని ముందుకి పంపేటప్పుడే టీటీఎల్ తగ్గుతుంది, తన సొంత లూప్‌బ్యాక్‌కి వచ్చినదాన్ని రౌటర్ తగ్గించదు. కాబట్టి ఆ ప్యాకెట్లు నిజానికి 255తోనే వస్తాయి. ఎఫ్‌ఆర్‌ఆర్ లెక్కలో హాప్స్ 2 అంటే 254 నుంచి, ఐఓఎస్ లెక్కలో 253 నుంచి. అక్కడికీ ప్రపంచమంతా బయటే ఉంటుంది.

నిజంగా దూరంగా ఉన్నవాళ్లతో సెషన్ అంటే వేరే కథ. డీడాస్ దాడి ట్రాఫిక్‌ని శుభ్రం చేసే సర్వీస్, ఇంకో ఊళ్లో రౌట్లు సేకరించే కలెక్టర్, చెన్నై డేటాసెంటర్ నుంచి ఐదారు రౌటర్ల అవతల ఉన్న బాక్స్. హాప్స్ 6 అని పెడితే ఆరు రౌటర్ల లోపల ఉన్నవాళ్లందరూ గేటు లోపలివాళ్లే. ఐఎస్‌పీ నెట్‌వర్క్ మధ్యలో ఆరు రౌటర్ల చుట్టుకొలత అంటే చిన్నది కాదు, పెద్ద ఊరే. పైగా దారి మారి ఏడు అయిన రోజు సెషన్ పడిపోతుంది. ఇలాంటి చోట టీటీఎల్ మీద ఆశ పెట్టుకోకండి. టీసీపీ-ఏఓ ఉంటే అది, లేకపోతే ఎండీ5, దానికి తోడు ఆ ఒక్క అడ్రస్ నుంచి మాత్రమే 179 తెరిచే యాక్సెస్ లిస్ట్. సరే అని రెండూ పెట్టుకుంటానంటే అడ్డు చెప్పను, కానీ బరువు మాత్రం పాస్‌వర్డ్ మీదే ఉండాలి.

జీఆర్‌ఈ టన్నెల్ (ఒక ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి) విషయంలో ఇంకా జాగ్రత్త. టన్నెల్ లోపల ప్యాకెట్ టీటీఎల్ మధ్యలోని రౌటర్లు తగ్గించవు. చెన్నై నుంచి సింగపూర్‌కి టన్నెల్ వేసినా లోపలి బీజీపీ ప్యాకెట్ 255తోనే దిగుతుంది. కమాండ్ పని చేస్తుంది, షో అవుట్‌పుట్ బాగుంటుంది, మనసు నిమ్మళంగా ఉంటుంది. కానీ జీఆర్‌ఈకి తనంతట తనకి ఎవరు పంపారో తేల్చే పద్ధతి లేదు. టన్నెల్ అవతలి అడ్రస్‌ని దొంగిలించి, లోపల 255 పెట్టిన ప్యాకెట్‌ని చుట్టి పంపితే అది కూడా పక్కింటినుంచి వచ్చినట్టే దిగుతుంది. టోల్ గేట్లు తప్పించుకుని కంటైనర్‌లో కూర్చుని వచ్చినట్టు. అక్కడ టన్నెల్‌ని, ఎవరు పంపారో తేల్చే ఐపీసెక్‌లో చుట్టండి, టీటీఎల్‌ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఎక్స్‌చేంజ్‌లో పీరింగ్ అయితే

ఎక్స్‌చేంజ్ అంటే చాలా నెట్‌వర్క్‌లు ఒకచోట కలిసి నేరుగా ట్రాఫిక్ మార్చుకునే (పీరింగ్ చేసుకునే) చోటు. బెంగళూరు, చెన్నై రెండింట్లోనూ నిక్సీ ఎక్స్‌చేంజ్ ఉంది. చెన్నైలో డీఈ-సీఐఎక్స్, ఎక్స్‌ట్రీమ్ ఐఎక్స్ లాంటివీ ఉన్నాయి. అక్కడ అందరూ ఒకే లేయర్ 2 ల్యాన్ మీద, అంటే ఒకే స్విచ్‌కి తగిలించినట్టు, ఉంటారు. ఒకరి నుంచి ఒకరికి రౌటర్ అడ్డం రాదు, కాబట్టి సభ్యులందరి ప్యాకెట్లూ 255తోనే వస్తాయి. టీటీఎల్ సెక్యూరిటీ బయటి ప్రపంచాన్ని ఆపుతుంది, ఆ హాల్లో పక్క ర్యాక్ వాడిని ఆపదు. ఎక్స్‌చేంజ్ ల్యాన్ అడ్రస్‌ని ఎవరూ ఇంటర్నెట్‌లోకి అనౌన్స్ చేయకపోతే బయటివాడికి అక్కడికి దారే ఉండదు, సగం పని అక్కడే అయిపోతుంది. మీ రౌటర్ నుంచి ఆ ల్యాన్ ప్రిఫిక్స్ (అడ్రస్‌ల బ్లాక్) బయటికి వెళ్లడం లేదని ఒకసారి చూసుకోండి. అలాంటి చోట పెద్ద ట్రాఫిక్ నడిచే రెండు మూడు పీరింగ్‌లకి రెండూ పెట్టమంటాను. రౌట్ సర్వర్ (సభ్యులందరి రౌట్లనీ ఒకచోటినుంచి పంచే ఎక్స్‌చేంజ్ బాక్స్) సంగతి దాన్ని నడిపేవాళ్లని అడిగి చేయండి. వాళ్ల వైపు 255తో పంపకపోతే మీ వైపు ఒంటరిగా పెట్టి లాభం లేదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చాలి. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికామ్ యూట్యూబ్ అడ్రస్‌లని అనౌన్స్ చేసి, కాసేపు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ అందకుండా చేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. టీటీఎల్ సెక్యూరిటీ ఉన్నా, పాస్‌వర్డ్ ఉన్నా అది ఆగేది కాదు. సెషన్ నిజమైనదే, అందులో వచ్చిన మాట తప్పు. దానికి ప్రిఫిక్స్ ఫిల్టర్లు, ఏ అడ్రస్‌లని ఎవరు అనౌన్స్ చేయవచ్చో సరిచూసే ఆర్పీకేఐ కావాలి. ఈ పని చేశాం కదా అని ఆ పని వాయిదా వేయకండి.

ఒక రాత్రి జరిగినది

ఇది పెట్టేటప్పుడు జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే, అది నా చేతుల మీదా జరిగింది. రాత్రి ఒంటిగంట, మెయింటెనెన్స్ విండో. మా వైపు లైనక్స్, ఎఫ్‌ఆర్‌ఆర్. అవతల అప్‌స్ట్రీమ్ వాళ్ల నాక్, అంటే నెట్‌వర్క్ చూసుకునే టీమ్. వాళ్లు ఫోన్‌లో “మా వైపు అయిపోయింది” అన్నారు. మా వైపు కమాండ్ కొట్టాను. ఏమీ కాలేదు. రౌట్లు అలాగే ఉన్నాయి, గ్రాఫ్ అలాగే ఉంది. థ్యాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను.

మూడు నిమిషాలకి ఆ అబ్బాయి పిలిచాడు. “అన్నా, సెషన్ పడిపోయింది. హోల్డ్ టైమ్ ఎక్స్‌పైర్డ్ అంటోంది.”

180 సెకన్లు, సరిగ్గా హోల్డ్ టైమర్. కమాండ్ కొట్టిన క్షణం నుంచే వాళ్ల ప్యాకెట్లన్నీ మా దగ్గర పడిపోతున్నాయి, కానీ రౌటర్ హోల్డ్ టైమర్ అయ్యేదాకా సెషన్ బతికే ఉందనుకుంది. వచ్చే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టి చూశాం. వాళ్ల దగ్గర్నుంచి వస్తున్న ప్రతి ప్యాకెట్ మీదా టీటీఎల్ 1. వాళ్లు కమాండ్ కొట్టింది ఇంకో కస్టమర్ నెయిబర్‌కి. తప్పు వాళ్లదే అయినా, ప్యాకెట్ చూడకుండా మాట మీద నమ్మకంతో ముందుకెళ్లింది నేను. ఆ రోజు రెండో లింక్ ఉంది కాబట్టి ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఒకే లింక్ ఉన్నవాళ్లకి అది అర్ధరాత్రి టెన్షన్.

ఇందులో రెండు వైపుల మధ్య చర్చ, ఒప్పందం అన్నది ప్రోటోకాల్‌లో లేదు. ఒక వైపు పెట్టి ఇంకో వైపు పెట్టకపోతే ఎర్రర్ మెసేజ్ రాదు, ప్యాకెట్లు నిశ్శబ్దంగా పడిపోతాయి. అందుకే నేను ఇప్పుడు పని చేసే వరస ఇది. ముందు వాళ్ల వైపు పెట్టించుకుంటాను, అయితే మా వైపు ఇంకా 1తో పంపుతున్నాం కాబట్టి వాళ్ల దగ్గర పడిపోకుండా, వాళ్లది ఐఓఎస్ అయితే హాప్స్ 254తో మొదలుపెట్టమంటాను. 255లోంచి 254 పోతే 1, అంటే పంపేది 255, ఒప్పుకునేది 1 నుంచి. తర్వాత మా దగ్గర టీసీపీడంప్‌లో ఐపీ హెడర్‌లో టీటీఎల్ ఉండే బైటు, ఐపీ బ్రాకెట్ 8, 255 వస్తోందా లేదా అని కళ్లతో చూస్తాను. కొన్ని బాక్సుల్లో సెషన్ ఒకసారి క్లియర్ చేస్తేగాని కొత్త టీటీఎల్ రాదు. 255 కనిపించాకే మా వైపు కమాండ్. మూడు నిమిషాలు దాటి ఇంకో రెండు నిమిషాలు ఆగుతాను. ఆఖరున వాళ్లని 254 నుంచి 1కి దించమంటాను. ఈ ఆఖరి అడుగు మరచిపోతే మొత్తం పని వృథా. హాప్స్ 254 అంటే కాపలావాడు కుర్చీలో ఉన్నాడు, కళ్లు మూసుకుని. ఆడిట్ చేసినప్పుడు ఆ నంబర్ కనిపిస్తే దించేయండి.

సరిచూసుకోవడానికి ఐఓఎస్‌లో షో ఐపీ బీజీపీ నెయిబర్స్ అవుట్‌పుట్‌లో “ఇన్‌కమింగ్ టీటీఎల్ 254, అవుట్‌గోయింగ్ టీటీఎల్ 255” అన్న లైను వెతకండి. వెతికేటప్పుడు “మినిమమ్” అన్న మాటతో ఫిల్టర్ పెట్టకండి. చాలా వెర్షన్లలో ఆ మాట “మినినమ్” అని తప్పు అక్షరంతో ముద్రితమై ఉంది, లైను దొరకదు, కమాండ్ పడలేదేమో అని కంగారు పడతారు. ఇన్‌కమింగ్ అన్న మాటతో వెతకండి.

ఓఎస్‌పీఎఫ్ సంగతి ఒక్క మాటలో

ఐఓఎస్‌లో ఓఎస్‌పీఎఫ్‌కి (ఒక నెట్‌వర్క్ లోపల రౌటర్లు దారులు చెప్పుకునే పద్ధతి) కూడా “టీటీఎల్-సెక్యూరిటీ ఆల్-ఇంటర్‌ఫేసెస్” ఉంది. అదే 254తో మొదలుపెట్టి దించే పద్ధతి అక్కడా పని చేస్తుంది. రౌటర్లు ఎంపీఎల్ఎస్ లేబుళ్లు పంచుకునే ఎల్‌డీపీకి 2012లో ఆర్ఎఫ్‌సీ 6720 ద్వారా వచ్చింది. అయితే ఆఫీసు లోపలి ఓఎస్‌పీఎఫ్‌కి ఇది మొదటి పని కాదు. యూజర్ల వైపు ఇంటర్‌ఫేస్‌లని పాసివ్ చేయడం, అంటే అక్కడ ఓఎస్‌పీఎఫ్ మాటలు ఆపేయడం, ముందు చేయండి. లోపలి ఐబీజీపీకి కూడా టీటీఎల్ కన్నా అంచు రౌటర్ల మీద “మా రౌటర్ అడ్రస్‌లకి బయటినుంచి ఏదీ రాకూడదు” అన్న యాక్సెస్ లిస్టే ఎక్కువ పని చేస్తుంది.

మీకు ఏది సరిపోతుంది

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఆఫీసు, ఒకటో రెండో అప్‌స్ట్రీమ్ లింకులు, నేరుగా ఫైబర్. ఇక్కడ టీటీఎల్ సెక్యూరిటీ, దానికి తోడు 179 మీద యాక్సెస్ లిస్ట్. అప్‌స్ట్రీమ్ పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి, అడగకపోతే దాని కోసం లింక్ ఆపవద్దు. అప్‌స్ట్రీమ్ బాక్స్ పక్కింటివాడిని కూడా ఆపాలనిపిస్తే పాస్‌వర్డ్ కలపండి. మెట్రో ఈథర్‌నెట్ మీద వచ్చినా మధ్యలోని స్విచ్‌లు టీటీఎల్ తగ్గించవు కాబట్టి ఇదే జవాబు.

పేటలో కేబుల్ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఐఎస్‌పీ అయితే మీ కిందున్న బీజీపీ కస్టమర్లకి కూడా ఇది పెట్టించండి, కొత్త కస్టమర్ ఫారంలోనే రాయించండి. ఉన్న సెషన్లకి తర్వాత పెట్టడం కన్నా మొదటి రోజే పెట్టడం వందరెట్లు సుఖం. దూరపు సెషన్ అయితే కీ, లిస్ట్. టన్నెల్ అయితే ఐపీసెక్. ఎక్స్‌చేంజ్ అయితే ముఖ్యమైన పీర్‌లకి రెండూ.

అప్‌స్ట్రీమ్‌కి మెయిల్ రాసేటప్పుడు “టీటీఎల్ సెక్యూరిటీ సపోర్ట్ చేస్తారా” అని మాత్రమే అడిగితే “అవును” అని జవాబు వస్తుంది, అంతకన్నా ఏమీ తెలియదు. నేను ఇలా రాస్తాను: “మా నెయిబర్ అడ్రస్ 192.0.2.2కి ఆర్ఎఫ్‌సీ 5082 ప్రకారం జీటీఎస్ఎం కావాలి. మీ వైపు బాక్స్ ఏది? అందులో హాప్స్ 1 అంటే ఒప్పుకునే కనీస టీటీఎల్ 254నా, 255నా? మధ్యలో రౌట్ చేసే బాక్స్ గానీ ఫైర్‌వాల్ గానీ ఏదైనా ఉందా? మీరు మార్చాక మేం టీసీపీడంప్‌లో 255 చూసి, చూశామని చెప్పేదాకా మీ ఇంజనీర్ లైన్‌లో ఉండగలరా?”